పిల్లల క్షేమం ఎక్కడున్నది?

తెలుగునాట శ్రావణ అమావాస్యను పోలాల అమావాస్య అంటారు. తల్లులు కందమొక్కను పూజించి, బిడ్డల క్షేమం కోరి నోము నోస్తారు. సరిగ్గా ఆనాడే ఛత్తీస్‌గఢ్‌లో పోలా పండుగ. అక్కడ మట్టి ఎద్దులను పూజించి పిల్లల చేతికిస్తారు. మగపిల్లలు వాటిని చక్రాలపై నిలిపి వీధుల వెంట లాగుతారు. ఆడపిల్లలు చిట్టి మట్టిపొయ్యి, తిరుగలి ముందుంచుకొని ఉత్తుత్తి వంటలు చేస్తారు. మన గుజ్జనగూళ్ళకు అవి తోబుట్టువులే.

భిలాయి ఉక్కు కర్మాగారం 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం వలన పుట్టింది. 1959లో తొలి కొలిమి రగిలింది. బ్రతుకుతెరువుకై ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడికి తరలివెళ్ళాయి. ఆ నగరానికి చేరువలో, దుర్గ్ జిల్లాలో ఉన్న ఉతై వంటి చోట కాపురముండే తెలుగు తల్లికి ఈ రెండు పండుగలూ ఒకేసారి గడప తొక్కుతాయి. ఇంటిలో ఆమె బిడ్డ క్షేమానికై తోరం కడుతుంది. వాకిట ఆ బిడ్డ బురదలో కూర్చుని ఎద్దుకు కొమ్ములు దిద్దుతూ ఉంటుంది. కేకవేసి లోనికి పిలవడం క్షేమమా? ఆడుకోనివ్వడం క్షేమమా?

ఈ ప్రశ్న లోకమంతటా ఉన్నదే. 1840లో జర్మనీలో ఫ్రోబెల్ తన శిశువిద్యాలయానికి 'పిల్లల తోట' అని అర్థమిచ్చే కిండర్‌గార్టెన్ అనే పేరు పెట్టాడు. 1950 దశకం ఆరంభంలో డెన్మార్క్‌లో ఎల్లా ఫ్లాటౌ అనే తల్లి పసివారిని వెంటబెట్టుకొని అడవికే నడిచింది. ఆ బాటలోనే ఐరోపాలో అడవిబడులు వెలిశాయి. అక్కడ ఒకే పుల్ల ఒక గంట గరిటె, మరొక గంట గుర్రం. వానకు బడి మూయరు. వానకు తగిన దుస్తులు తొడుగుతారు.

ఆ ఆటలో చదువు దాగి ఉన్నది. మట్టిలో నీరెక్కువైతే ఎద్దు కాళ్ళు నిలువవు. తక్కువైతే బీటలు వారుతాయి. ఈ సంగతి బిడ్డకు వ్రేళ్ళే చెబుతాయి. పోలాకు నెలముందు వచ్చే హరేలీనాడు పిల్లలు 'గేడీ' ఎక్కుతారు. రెండు వెదురుకర్రలకు మెట్లు కట్టి, వాటిపై నిలిచి నడవడమే ఆ ఆట. ఎక్కినవాడు ఒకటి రెండుసార్లు పడతాడు. పడినప్పుడే తన బరువెంతో, తన పట్టు ఎంతో తెలుసుకుంటాడు.

అయితే ఆరుబయట అపాయాలు లేకపోలేదు. ఛత్తీస్‌గఢ్ వేసవి ఎండ తీవ్రమైనది. వానాకాలంలో పాముల భయం, చెరువుల లోతు ఉన్నవి. అందుకే ఎండ ముదరకముందే ఆట ముగియాలి. పొదలు, రాళ్ళ సందులు ముందుగా పెద్దలు చూడాలి. చెరువుగట్టుకు పెద్దల తోడు తప్పదు. ఇంతవరకే పెద్దల పని. ఎద్దు కొమ్ము వంకరగా ఉన్నదని సరిదిద్దడం వారి పని కాదు.

మన దేశంలో 1975లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం క్రింద అంగన్‌వాడీలు ఆరంభమైనాయి. 'అంగన్' అంటే వాకిలి. 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా మూడేళ్ళ నుండి బిడ్డకు ఆటద్వారానే చదువు అబ్బాలన్నది. అయినా ఆ వయసులోనే పలక చేతికిచ్చి, మాట వినకపోతే సెల్‌ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టే ఇళ్ళెన్నో! మూడు నుండి ఆరేళ్ళ ప్రాయం మళ్ళీ రాదు. పండుగనాడు బజారులో కొన్న ఎద్దు ఒక పూట మురిపిస్తుంది. గుప్పెడు తడిమట్టి మాత్రం ఏడాది పొడుగునా వాకిట్లో దొరుకుతుంది. తోరం కట్టిన తల్లి ఆ చేతిని మట్టి తాకనిస్తే, కోరిన క్షేమంలో సగం ఆమె ఇచ్చినట్లే.