చివరి బండి మాట

మోటారు సైకిళ్ళ మీద గుంపుగా వెళ్ళిరావడం మా ఇంట్లో కొత్త అలవాటేమీ కాదు. హోసూరు నుంచి మేము, బెంగళూరు నుంచి మా చిన్నాన్నగారి పిల్లలు, కృష్ణగిరి నుంచి ఒకరిద్దరు తమిళ మిత్రులు, ఒక కన్నడ మిత్రుడు, అంతా కలిసి ఏడాదికి రెండు మూడుసార్లు ఏ కొండకో ఏ కోవెలకో బయలుదేరుతుంటాం. మొత్తం ఏడు బళ్ళు. అందరిలోకీ పెద్దవాడు మా బావ. ఆయనకు అరవై దాటినా బుల్లెట్టు తప్ప మరొక బండి ఎక్కడు. ఎప్పుడూ చివరనే వస్తాడు. "మీరు ముందు పోండప్పా, పడిపోయినవి ఏరుకుంటూ నేను వస్తాను" అనేది ఆయన మాట. నిజంగానే ఏరుకొచ్చేవాడు కూడా. ఒకసారి ఒకరి చేతి తొడుగు, ఇంకోసారి ఇంకొకరి పులిహోర డబ్బా.

నేను వ్రాయబోయేది వాకీటాకీల గురించి. కాని బావ చివరన వచ్చే సంగతి చెప్పకుండా వాకీటాకీల దాకా రాలేను.

2023 అక్టోబరులో కొల్లిమలకు వెళ్ళాం. నామక్కల్ జిల్లాలో కారవళ్ళి దగ్గర మొదలయ్యే ఆ కొండదారిలో 70 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. మలుపు మలుపుకీ నంబరు పలక ఉంటుంది. ఎక్కేటప్పుడు ఎండ. పైన అరప్పళీశ్వరుని దర్శనం చేసుకొని, రాత్రి ఉండి, మరునాడు దిగేటప్పటికి సన్నని తుంపర, పొగమంచు. నేను చివరినుంచి రెండవ బండి. మా గుంపులో అప్పట్లో ఉన్న కట్టుబాటు ఒక్కటే. వెనకవాడి దీపం మన అద్దంలో కనబడుతూ ఉండాలి, కనబడకపోతే ఆగాలి. నలభై అయిదవ మలుపు దాకా బావ బుల్లెట్టు దీపం నా అద్దంలో ఉంది. తరువాత అద్దం మీద నీటిచుక్కలు కమ్ముకున్నాయి. తుడుద్దామనుకున్నాను. ఇంతలో మలుపు వచ్చింది, ఎదురుగా బస్సు వచ్చింది. తుడవలేదు.

కింద టీ కొట్టు దగ్గర ఆరు బళ్ళు ఆగాయి. ఫోటోలు తీసుకుంటున్నాడేమో అని పది నిమిషాలు, టీ తాగడానికి ఎక్కడైనా ఆగాడేమో అని మరో పది నిమిషాలు గడిచాయి. ఫోను చేస్తే అందలేదు. నేను వెనక్కి వెళదామని బండి తిప్పుతుండగా, అరటిగెలలతో దిగివచ్చిన వ్యాను డ్రైవరు ఆపి, తెల్లగడ్డం పెద్దాయన మీవాడేనా అని తమిళంలో అడిగాడు. 41వ మలుపులో బురదకు బండి జారి, కాలు దాని కింద ఇరుక్కుపోయింది. అరగంటకు పైగా బావ ఆ వానలో అలాగే పడివున్నాడు. ఆ వ్యానువాడే బండి ఎత్తి, పక్కన కూర్చోబెట్టి వచ్చాడట.

చీలమండ విరిగింది. మూడు నెలలు మంచం. బావ నన్ను పల్లెత్తు మాట అనలేదు. అక్క మాత్రం ఆసుపత్రి వరండాలో ఒకే ఒక్క మాట అంది. "అద్దం తుడుచుకోవడానికి కూడా తీరిక లేకపోయిందా నీకు?" నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు.

కాలు కుదుటపడ్డాక బావ మళ్ళీ బండి ఎక్కుతానన్నాడు. ఆ సంగతి మాకందరికీ తెలిసిందే. ఆశ్చర్యమేమిటంటే అక్క వద్దనలేదు. "పోండి. కాని ఒకరి గొంతు ఒకరికి వినబడుతూ పోండి" అని షరతు పెట్టింది. ఆ షరతు నెరవేర్చే పని నాది, నాదే కావాలి కూడా.

మొదట సహాయానికి వచ్చినవాడు టెక్సాసులో ఉన్న మా మేనల్లుడు. సెలవులకు వస్తూ నాలుగు వాకీటాకీల పెట్టె తెచ్చాడు. పెట్టె మీద 35 మైళ్ళు అని పెద్ద అక్షరాలు. అంటే 56 కిలోమీటర్లు. చదునైన నేల మీద నిలబడ్డ మనిషి కంటికి దిగంతమే అయిదు కిలోమీటర్ల లోపు. ఈ రేడియో తరంగం కూడా ఇంచుమించు చూపులాగే తిన్నగా పోతుంది, కొండకు చుట్టుతిరిగి రాదు. పెట్టె మీద రాసిన దూరం ఒక కొండ కొస నుంచి ఇంకో కొండ కొసకు, మధ్యలో చెట్టయినా లేనప్పుడు వచ్చే దూరమని తరువాత తెలిసింది. పెళ్ళిచూపుల్లో చెప్పే జీతంలాంటిదన్నమాట.

దూరం సంగతి అలా ఉంచితే, వాటిని ఇక్కడ వాడనే కూడదు. మా వీధిలో హ్యామ్ రేడియో లైసెన్సు ఉన్న పెద్దాయన ఒకరున్నారు. పెట్టె వెనక చిన్న అక్షరాలు చదివి, మూసి నా చేతిలో పెట్టారు. అమెరికాలో కుటుంబాల వాడకానికని 462, 467 మెగాహెర్ట్జ్ ప్రాంతం వదిలారు. మన దేశంలో అది అలా వదిలింది కాదు. ఇక్కడ 2018 నాటి నిబంధనల ప్రకారం లైసెన్సు లేకుండా వాడుకోదగిన వాకీటాకీ 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య, తక్కువ శక్తితో పనిచేసేది. దానికి కూడా కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగం ఆమోదం ఉండాలి. విదేశాల నుంచి పిల్లలు ప్రేమగా తెచ్చేవాటిలో ఇలాంటివి చాలా ఇళ్ళలో అల్మరాల్లో ఉండవచ్చు, అందుకే ఇంత వివరంగా వ్రాస్తున్నాను. మావాడు కాస్త చిన్నబుచ్చుకొని పెట్టె తిరిగి తీసుకుపోయాడు.

తరువాత బెంగళూరు తమ్ముడు ఆన్‌లైనులో అయిదు వాట్ల సెట్లు చవకగా ఉన్నాయన్నాడు. ఏ ఫ్రీక్వెన్సీకంటే ఆ ఫ్రీక్వెన్సీకి తిప్పుకోవచ్చట. పెద్దాయన మళ్ళీ తల అడ్డంగా ఊపారు. అవి పోలీసువాళ్ళు, అగ్నిమాపకదళం మాట్లాడుకునే చోట్లలో కూడా దూరగలవు. లైసెన్సు లేనివారి చేతిలో ఉండటమే తప్పు. మేము ఈ తర్జనభర్జన పడిన కొన్నాళ్ళకు, 2025 మే నెలలో, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటి అమ్మకాల మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలే ప్రకటించింది. వస్తువు ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుందో, లైసెన్సు కావాలో వద్దో అమ్మేవాడు చెప్పి తీరాలి. అంటే మాలాగా మోసపోబోయినవాళ్ళు చాలామందే ఉన్నారన్నమాట.

అయితే హ్యామ్ పరీక్ష రాసేయండి అన్నారు పెద్దాయన ఉత్సాహంగా. పన్నెండేళ్ళు నిండిన పిల్లలు కూడా రాయవచ్చట. మంచి విద్యే. కాని మాట్లాడే ప్రతి ఒక్కరికీ లైసెన్సు ఉండాలి. మా ఏడుగురిలో ముగ్గురు డ్రైవింగు లైసెన్సునే గడువు దాటాక పునరుద్ధరించినవాళ్ళు.

ఇక మిగిలినవి రెండు దారులు. లైసెన్సు అక్కరలేని చిన్న వాకీటాకీ, లేదా హెల్మెట్‌కు తగిలించుకునే బ్లూటూత్ ఇంటర్‌కం.

హెల్మెట్ సెట్టును మా తమ్ముడి దగ్గర ఉన్నది పెట్టుకొని చూశాను. హాయిగా ఉంది. మీట నొక్కనక్కరలేదు, ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకున్నట్టే ఉంటుంది. పాత రకం వాటిలో ఒక బండి నుంచి పక్క బండికి గొలుసు కట్టినట్టు మాట పాకుతుంది. మధ్యలో ఒకడు దూరమైతే గొలుసు తెగుతుంది. కొత్తగా వచ్చిన మెష్ రకంలో ఒకడు తప్పిపోయినా మాట మరొకరి మీదుగా దారి వెతుక్కుంటుంది. మంచిదే, కాని ఒక కంపెనీ మెష్ ఇంకో కంపెనీ మెష్‌తో సరిగ్గా కలవదు, కనుక అందరూ ఒకే రకం కొనాలి. ఏడుగురికీ లెక్క వేస్తే సెకండ్ హ్యాండ్ బుల్లెట్టు ఒకటి వచ్చేట్టుంది. చెవి సంగతి కూడా చెప్పాలి. హెల్మెట్ లోపలి స్పీకరు చెవి రంధ్రానికి సూటిగా లేకపోతే, వేలెడు పక్కకు జరిగినా, గాలి హోరులో ఏమీ వినబడదు. నాకు ఎడమచెవి మందం. అరగంట కుస్తీపట్టి అంటించాను. దాని కోసమని హెల్మెట్‌కు బెజ్జాలు వేయించేవారున్నారు, దయచేసి ఆ పని చేయకండి. తలను కాపాడేది ఆ గుల్ల, మాట కాదు.

వాకీటాకీని పరీక్షించడానికి మా ఊళ్ళో చంద్రచూడేశ్వరుని కొండ ఉండనే ఉంది. అబ్బాయిని కొండ పైన నిలబెట్టి నేను రామనాయకన్ చెరువు గట్టుకు వెళ్ళాను. గుడిగంట సహా స్పష్టంగా వినబడింది. అక్కడి నుంచి బండి తిప్పి కొండకు అవతలి పక్కకు వెళ్ళాను. చెరువుకంటే దగ్గర చోటే. ఒక్క ముక్క వినబడలేదు. అప్పుడు నాకు కడుపులో చెయ్యి పెట్టి కలిపినట్టయింది. ఆరోజు బావ దగ్గర ఈ సెట్టు ఉన్నా, 41వ మలుపు నుంచి కింద టీ కొట్టుకు ఆయన మాట వచ్చి ఉండేది కాదు.

అందుకని పెట్టె మీది కిలోమీటర్లు చూడటం మానేసి, బళ్ళ మధ్య దూరం చూడటం మొదలుపెట్టాం. సెట్లు మూడే కొన్నాం, మొదటి బండికి ఒకటి, నడిమి బండికి ఒకటి, చివరి బండికి ఒకటి. కొండ అడ్డమొచ్చినప్పుడు నడిమివాడు విన్నది విన్నట్టు రెండోవాడికి చేరవేస్తాడు. అయిదు మలుపులకొకసారి చివరి బండి మలుపు నంబరు చెప్పాలి. చెప్పకపోతే అందరూ ఉన్నచోట ఆగాలి. మాట రావడం కంటే రాకపోవడం వెంటనే తెలియడం మాకు ముఖ్యం.

చేతిలో పట్టుకొని మాట్లాడటం కుదరదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి నడుపుతూ చేతితో పట్టుకునే సాధనం వాడటం నేరం. నేరం కాకపోయినా, హెయిర్‌పిన్ మలుపులో ఎడమ చెయ్యి క్లచ్చు మీద లేకపోతే ఏమవుతుందో బండి నడిపేవారికి చెప్పనక్కరలేదు. గొంతు వినగానే తనంతట తానే పలికే ఏర్పాటు సెట్లో ఉంది కదా అని అది పెట్టి చూశాం. సూళగిరి దాకా వెళ్ళేలోగా బావ బుల్లెట్టు మా అందరితోనూ ఏకధాటిగా మాట్లాడింది, బావ మాత్రం ఒక్క మాటా మాట్లాడలేకపోయాడు. గాలికీ, ఇంజను చప్పుడికీ అది తెరుచుకుపోయి ఇంకెవరినీ మాట్లాడనివ్వదు. చివరకు సెట్టును చొక్కాకు బిగించి, మాట్లాడే మీటను తీగతో ఎడమ పిడి దగ్గర, బొటనవేలికి అందేట్టు కట్టాం.

ఆ మీటతో ఒక ప్రమాదం తప్పింది. మా తమ్ముడు ముందు బండి మీద ఉండి, లారీ వెనక ఉన్న మాకు "ఇప్పుడు దాటవద్దు" అన్నాడు. మాట పూర్తి కాకముందే వేలు తీసేశాడు. మాకు వినబడింది "ఇప్పుడు దాట" వరకే. దాటమన్నాడనుకొని నేను గేరు మార్చాను కూడా. ఎదురుగా వచ్చిన టెంపో హారను కొట్టి నన్ను బతికించింది. మన తెలుగులో కాదు, వద్దు, లేదు అన్నీ మాట చివరనే వస్తాయి, రేడియోలో ముందుగా తెగేదీ ఆ చివరే. ఇన్నేళ్ళుగా మాట్లాడుతున్న భాషలో ఈ సంగతి నాకెప్పుడూ తట్టలేదు. ఆరోజు నుంచి సెట్లో "వద్దు" అనే మాట నిషేధం. మీట నొక్కి, ఒక క్షణం ఆగి మాట్లాడాలి, మాట అయ్యాక ఇంకో క్షణం ఆగి వేలు తీయాలి.

మరి వద్దనడానికి బదులేమిటి? అక్కడ మా గుంపు మూడు భాషల గుంపు కావడం అక్కరకు వచ్చింది. తమిళంలోనూ కన్నడంలోనూ "నిల్లు" అంటే ఆగు. మన "నిలు" దానికి తోబుట్టువే. కనుక ఆగమనడానికి "నిల్లు, నిల్లు" అని రెండుసార్లు. ఎడమపక్కకు "ఎడ". అది కన్నడం, మాకూ తెలుసు, తమిళ మిత్రులకూ వాళ్ళ "ఇడదు" పక్కనే ఉన్న మాట. హోసూరులో పుట్టిపెరిగినందుకు ఈ మాత్రం లాభమైనా ఉండాలి కదా.

2025 జనవరిలో, పండగ అయ్యాక, మళ్ళీ కొల్లిమలకే వెళ్ళాం. వేరే చోటికి పోదామని నేనంటే బావ ఒప్పుకోలేదు. ఈసారి నేను చివరన వస్తానన్నాను. దానికీ ఒప్పుకోలేదు. నడిమి సెట్టు నాకిచ్చారు. ఈసారి అక్క కూడా వచ్చింది, బావ వెనక కూర్చొని.

దిగేటప్పుడు ఎండగానే ఉంది. అరవై అయిదు, అరవై, యాభై అయిదు, నంబర్లు వరసగా వచ్చాయి. నేను ముందుకు చేరవేస్తున్నాను. నలభై అయిదు అన్నాడు బావ. తరువాత రావలసింది నలభై. దానికి ముందే సెట్లో గరగరమని చప్పుడైంది. మీట నొక్కాడని తెలుస్తోంది, మాట లేదు. ఇంజను శబ్దం ఒక్కటే, ఆపి ఉంచిన బండిది, నింపాదిగా కొట్టుకుంటోంది. నేను "నిల్లు, నిల్లు" అన్నాను. ముందున్నవాళ్ళంతా ఆగారు.

కాసేపటికి అక్క గొంతు వినబడింది. పక్కన ఎవరితోనో అంటున్నట్టుంది. "ఇక్కడేనా?"

"ఆ, ఈ గోడ దగ్గరే" అన్నాడు బావ. ఆ తరువాత మీట వదల్లేదు, కొంతసేపు గాలి వినబడింది. "సరే, పదండప్పా. నలభై ఒకటి."