ఎర్ర గోళీ

పోపులో ఆవాలు వేసి మూత పెట్టడం మరచిపోయిన రోజు మీకూ ఉండే ఉంటుంది. కొన్ని మూకుడు అంచు దాటవు. కొన్ని స్టవ్వు మీదికి, ఒకటో రెండో ఏకంగా మన బుగ్గ మీదికి! అన్నీ ఒకే డబ్బాలోవి, మంటా ఒకటే. అప్పుడల్లా నాకు మా కాలేజీ ల్యాబు గుర్తొస్తుంది.

భద్రాచలం అడవి అంచున, అప్పటి ఖమ్మం జిల్లాలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. 2016 నుంచి ఆ ప్రాంతం భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది లెండి. గాలిలో అణువులన్నీ ఒకే వేగంతో పోవని 1860లోనే మాక్స్‌వెల్ లెక్క కట్టి చెప్పాడు. మన గదిలోని నైట్రోజన్ అణువు సగటున సెకనుకు దాదాపు 470 మీటర్లు పోతుంది. కాని ఏ క్షణాన చూసినా కొన్ని బాగా నెమ్మది, కొన్ని మహా దూకుడు. కంటికి కనపడని ఈ సంగతి చూపించడానికి ఒక పరికరం ఉంది. గాజుపెట్టెలో చిన్న ఉక్కు గోళీలు, అడుగున మోటారుతో వణికే పళ్ళెం. గోళీలు ఎగిరి గుద్దుకుంటూ పక్కనున్న సందులోంచి ఒక్కొక్కటే బయటికి దూకుతాయి. జోరుగా దూకింది దూరపు గడిలో, మెల్లగా దూకింది దగ్గరి గడిలో పడుతుంది. కాసేపటికి దగ్గర కొద్దిగా, ఆ తరవాత పెద్ద కుప్ప, దూరం పోయేకొద్దీ పలచబడి సన్నని తోక.

ఆ రోజు వరండాలో ఒక తండ్రి కూర్చుని ఉన్నాడు. "అమ్మా, మా పిల్లకి చదువు ఎక్కుద్దా? ఎక్కదంటే ఇంటికి తోలుకపోతా" అన్నాడు పొద్దున్నే. మూడు పరీక్షల్లోనూ ఆ పిల్లవి అట్టడుగు మార్కులే. క్లాసయ్యాక చెబుతానన్నాను గాని, చెప్పాల్సింది నా మనసులో ఖాయమైపోయింది.

ఎన్నడూ నోరు విప్పని ఆ పిల్లే లేచి, "మేడమ్, ఒకదానికి ఎర్రరంగు పూస్తే అది ఏ గడిలో పడుద్ది?" అంది.

ఎవరి సంచీలోనో గోళ్ళరంగు దొరికింది. పూసి, ఆరబెట్టి వేశాం. మొదట దగ్గరి గడి. తీసి మళ్ళీ వేస్తే చిట్టచివరి గడి! ఆ తరవాత నడిమిది. పదిసార్లు వేసినా ఒక తీరున పడలేదు. నెమ్మది గోళీలు వేరు, జోరు గోళీలు వేరు అని లేనే లేవు. అన్నీ ఒకటే. ఆ క్షణాన ఏది వచ్చి ఎలా గుద్దిందన్నదే తేడా. కుప్ప ఆకారం ముందే చెప్పొచ్చు గాని, ఒక్క గోళీ జాతకం చెప్పలేం.

మూడు పరీక్షలు చూసి నేను చెప్పబోయింది జాతకమే కదా! ఒళ్ళు జలదరించింది.

వరండాలోకి వెళ్ళి, "ఉంచండి. ఇవాళ నాకే పాఠం చెప్పింది" అన్నాను.

ఆయన నమ్మాడో లేదో గాని, సాయంత్రం బస్సు ఒక్కడే ఎక్కాడు.

మూత పెట్టడం మాత్రం నేను ఇప్పటికీ మరచిపోతూనే ఉన్నాను.