మేము వ్రాసిన దరఖాస్తు ఫారము

2022వ సంవత్సరపు వేసవి సెలవులలో, మన బోర్డింగు ప్రవేశములకు దరఖాస్తులను కాగితముపై గాక కంప్యూటరు ద్వారా పుచ్చుకొనవలెనని నిశ్చయమైనప్పుడు, ఆ పని మాకు అప్పగింపబడెను. మేము గణితము చెప్పువారము. ప్రోగ్రాములు వ్రాయుట మాకు వృత్తి కాదు, వేడుక మాత్రమే. పదవ తరగతి ముగించిన నలుగురు విద్యార్థులు మాకు తోడైరి. అందఱమును కలిసి పదునైదు దినములలో ఒక వెబ్ అప్లికేషనును నిలువబెట్టితిమి. అది తెరపై కన్పట్టినప్పుడు మాకు కలిగిన గర్వమును ఇప్పుడు తలంచుకొన్న సిగ్గగుచున్నది. ఏలయనగా ఆ ఫారమునందు ఎవరేమి వ్రాసినను, అసలేమియు వ్రాయకున్నను, "మీ దరఖాస్తు చేరినది, వందనములు" అని అది మర్యాదగా జవాబు చెప్పుచుండెను.

కాగితపు దరఖాస్తులు వచ్చు దినములలో మన గుమాస్తాగారు బల్ల కవతల కూర్చుండి, ప్రతి కాగితమును పైనుండి క్రిందివఱకు చూచెడివారు. "అమ్మా, పుట్టిన తేదీ వ్రాయలేదు", "నాయనా, ఈ నంబరులో ఒక అంకె తక్కువైనది" అని అచ్చటనే దిద్దించి, పిమ్మట ముద్ర వేసెడివారు. ఈ పని యంత ముఖ్యమైనదని మేమెన్నడును తలంపలేదు. కాగితమును తీసి కంప్యూటరును పెట్టితిమనుకొంటిమి గాని, దానితోపాటు గుమాస్తాగారి కన్నులనుగూడ తీసివేసితిమని గ్రహింపమైతిమి.

దీని ఫలము జూన్ నెలలో తెలిసినది. ఆరవ తరగతికి ఎంపికైన పిల్లల తల్లిదండ్రుల ఫోనులకు సందేశములు పంపబడెను. ఐదు దినములలో వచ్చి చేరనియెడల ఆ సీటు తరువాతివారికి ఇయ్యబడునని నియమము. ఒక బాలుని తండ్రి ఇటుకల బట్టీలో పనిచేయువాడు. అతడు ఫారము నింపునప్పుడు ఫోను నంబరులో ఒక అంకె విడిచెను. మన దేశమున మొబైలు నంబరునకు పది అంకెలుండవలెను, మొదటి అంకె 6 మొదలు 9 వఱకు ఏదో యొకటి కావలెను. ఈ సంగతి ఆ బాలునికిని తెలిసియుండును. మా ప్రోగ్రామునకు మాత్రము మేము చెప్పలేదు. అది తొమ్మిది అంకెలను పుచ్చుకొని వందనములు చెప్పెను. సందేశము ఎవరికిని చేరలేదు. ఎనిమిదవ దినమున ఆ తండ్రి ఎవరి నోటనో వార్త విని, కొడుకును, రేకు పెట్టెను, చాపను వెంటబెట్టుకొని వచ్చెను. అప్పటికే ఆ సీటులో మఱియొక బాలుడు చేరియుండెను.

మేము హెడ్మాస్టరుగారి యొద్దకు పోయి తప్పు మాదని చెప్పుకొంటిమి. బోర్డింగులో మఱియొక మంచము వేయుటకు స్థలము లేకపోయెను. తండ్రి మమ్ము ఒక్క మాటయైన అనలేదు. "నేనే సరిగా వ్రాయలేదు లెండి, అయ్యగారూ" అని పెట్టెను భుజముపై పెట్టుకొని వెడలిపోయెను. ఆ బాలుడు ఆ యేడు తన ఊరి బడిలోనే చదివెను.

తక్కిన దరఖాస్తులను అప్పుడు తీసి చూచితిమి. ఒకరు పుట్టిన తేదీ గడిలో పుట్టిన సంవత్సరమునకు మాఱుగా ఆ సంవత్సరమునే వేసిరి. కావున మా లెక్క ప్రకారము రెండు నెలల శిశువొకరు ఆరవ తరగతికి దరఖాస్తు పెట్టుకొనియుండెను. మఱియొకరు 2011 ఫిబ్రవరి 30న జన్మించిరి. 3-4-2011 అని వ్రాసినవారు ఏప్రిల్ మూడు అనుకొనిరో, అమెరికా పద్ధతిని మార్చి నాలుగు అనుకొనిరో తెలియుటకు దారి లేదు. గణన యంత్రమును ఊహించిన ఛార్లెస్ బాబేజీ తన 1864 నాటి స్వీయచరిత్రములో ఒక వింత చెప్పెను: యంత్రములో తప్పు అంకెలు పెట్టినను ఒప్పు సమాధానము వచ్చునా యని అతనిని పార్లమెంటు సభ్యులు రెండు పర్యాయములు అడిగిరట! మేము తరగతిలో ఆ కథ చెప్పి నవ్వించినవారమే.

అంతట ప్రోగ్రామును మరల విప్పితిమి. లోనికి వచ్చు ప్రతి మాటను ద్వారముకడ నిలిపి పరీక్షించుటను ప్రోగ్రాములు వ్రాయువారు వాలిడేషను అందురు. గడి ఖాళీగా నున్నదా, అంకెలు ఉండవలసినచోట అంకెలే యున్నవా, ఎన్ని యున్నవి, ఆ తేదీ కాలెండరులో ఉన్నదా, ఉన్నను ఆరవ తరగతి పిల్లవానికి తగినదా అని క్రమముగా చూడవలెను. 2014లో ప్రమాణముగా ప్రకటింపబడిన హెచ్.టి.ఎమ్.ఎల్. ఐదవ కూర్పునందు ఇందులో కొన్నిటికి సిద్ధమైన మాటలు కలవు. "ఈ గడి తప్పనిసరి" అని ఒక పదము చేర్చినచో, ఖాళీ ఫారమును బ్రౌజరే ఆపివేయును. ఇక చింత లేదని మేము సంతసించుచుండగా, మా నలుగురిలో చిన్నవాడు మా కన్నులయెదుటనే బ్రౌజరులో ఆ పుట యొక్క కోడును తెఱచి, ఆ ఒక్క పదమును తుడిచివేసి, ఖాళీ ఫారమును పంపెను. సర్వరు దానిని పుచ్చుకొని వందనములు చెప్పెను.

బ్రౌజరు దరఖాస్తుదారుని చేతిలోనిది. దానిలో మనము పెట్టిన కాపలా అతనికి సహాయము మాత్రమే. మన చేతిలోనున్నది సర్వరు. అచ్చట ప్రతి పరీక్షను మరల చేయవలసినదే. ఈ చిన్న సంగతిని బోధించిన బాలునికి మేము ఆ సాయంకాలము మిఠాయి తినిపించితిమి.

అతడు మఱియొక చిల్లును చూపెను. డేటాబేసునకు ఆజ్ఞలిచ్చు భాషకు ఎస్.క్యూ.ఎల్. అని పేరు. మేము విద్యార్థి పేరును ఆ ఆజ్ఞలో దారముతో కుట్టినట్లు అతికించియుంటిమి. ఇంగ్లీషులో డిసౌజా మొదలగు పేర్ల నడుమ వచ్చు కొమ్ము గుర్తు ఆ భాషలో మాట ముగిసినదనుటకు చిహ్నము. కొంటెవాడెవడైన ఆ గుర్తు పెట్టి, దాని వెనుక మఱియొక ఆజ్ఞ వ్రాసినచో, డేటాబేసు దానినిగూడ శిరసావహించును. 1998 నుండియు ఈ దోషమును గూర్చి బహిరంగముగా వ్రాయుచునే యున్నారు. అయినను ఓవాస్ప్ అను సంస్థ ప్రకటించు పది ప్రమాదముల పట్టికలో ఈ జాతి దోషములు 2017లో మొదటి స్థానమునను, 2021లో మూడవ స్థానమునను ఉండెను. మేము భయపడి ఆ గుర్తునే నిషేధించితిమి. అది పిఱికి వైద్యము. ఆజ్ఞను వేఱుగను, పేరును వేఱుగను డేటాబేసునకు అందించు పద్ధతి కలదు. అట్లు చేసినచో పేరులో ఏ గుర్తున్నను అది పేరుగానే యుండును. డిసౌజాగారిని పేరు మార్చుకొమ్మనుటకు మనమెవరము?

ఇట్లు మేము కాఠిన్యములో పడితిమి. 2023లో ఫారము ఒక పోలీసు ఠాణావలె తయారైనది. పేర్లను తెలుగులో వ్రాయవలెనని హెడ్మాస్టరుగారు కోరగా, "అక్షరములు మాత్రమే" అను నియమము పెట్టితిమి. యూనికోడు నందు హల్లులు, అచ్చులు అక్షరములలో చేరును గాని, గుడి, కొమ్ము, పొల్లు మొదలగునవి వేఱొక జాతిగా లెక్కింపబడును. కావున మా ఫారము రమను అనుమతించి, సీతను త్రిప్పి పంపెను! పేరు ఇరువది అక్షరములకు మించరాదను నియమమును ఇట్టిదే. శ్రీలక్ష్మి అనుదానిలో మన కంటికి మూడు అక్షరములు. కంప్యూటరు లెక్కలో పదునొకండు. ఇంటిపేరు కూడ చేరినచో పాపము ఆ బిడ్డకు చోటెక్కడిది? ఇంటిపేరునకు రెండక్షరములైన ఉండవలెనని మఱియొక ఆంక్ష పెట్టితిమి. ఇంటిపేరును ఒక్క అక్షరముతో సరిపుచ్చు తెలుగువారి సంగతి తెలుగువారమైయుండియు మఱచితిమి.

వీనికి నవ్వవచ్చును. నవ్వరానిది ఒకటి జరిగినది. తండ్రి పేరు గడిని తప్పనిసరి చేసియుంటిమి. గడువు చివరిదినమున ఒక తల్లి ఆఫీసునకు వచ్చి, గుమాస్తాగారి బల్లయెదుట చాలసేపు నిలువబడెను. మూడు దినములనుండి ఫారము పోవుటలేదని చెప్పెను. "ఆ గడిలో ఏమి వ్రాయవలెనండి? లేడని వ్రాసితిని, ఒప్పుకొనలేదు. చుక్క పెట్టితిని, ఒప్పుకొనలేదు" అనెను. ఎఱ్ఱని అక్షరములతో "చెల్లని విలువ" అని మా ఫారము ఆమెకు మూడు దినములు చెప్పుచుండెను. ఆ మాటలు వ్రాసినది మేమే. గుమాస్తాగారు లేచి ఆమెకు కుర్చీ వేసిరి. మేము లోపలికి పోయి ఆ నియమమును తుడిచివేసి, "తల్లి, తండ్రి లేక సంరక్షకులలో ఒకరి పేరు" అని మార్చి వచ్చునప్పటికి పది నిమిషములు పట్టినది. ఆమె కుమార్తె దరఖాస్తు ఆ దినముననే చేరెను.

అటుపిమ్మట ప్రతి నియమమునకును ఎదురుగా, ఇది ఎవరిని ఆపును అని ఒక కాగితముపై వ్రాసికొంటిమి. సగము నియమములు పోయినవి. ఆధారు సంఖ్యను అడుగుటయే మానితిమి. బడిలో చేర్చుకొనుటకు అది తప్పనిసరి కాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పియున్నది. అయినను ఆ పండ్రెండు అంకెలలో చివరిదానిని గూర్చి పిల్లలకు ముచ్చటగా చెప్పుదుము: అది తక్కిన పదునొకండింటినుండి వెర్హోఫ్ అను డచ్చి గణితజ్ఞుని పద్ధతిని లెక్కకట్టినది, ఒక అంకె తప్పినను, ప్రక్కప్రక్క అంకెలు రెండు తారుమారైనను పట్టియిచ్చును. ఫోను నంబరునకు అట్టి కాపరి లేడు. పది అంకెలుండియు తప్పు నంబరు కావచ్చును. అందుచేత ఫోనునకు ఒక రహస్య సంఖ్యను పంపి, దానిని ఫారములో వ్రాయించుకొనవచ్చును గాని, చాలమంది ఇచ్చునది పొరుగువారి నంబరో, కిరాణాకొట్టువాని నంబరో అగుటచే ఆ యేర్పాటును విరమించితిమి. "చెల్లని విలువ" అను మాటకు బదులు ఇప్పుడు "ఫోను నంబరులో పది అంకెలుండవలెను; మీరు వ్రాసినవి తొమ్మిది" అని చూపుదుము.

ఇటుకల బట్టీ తండ్రి 2023లో మరల దరఖాస్తు పెట్టెను. ఈసారి నంబరులో పది అంకెలున్నవి. అయినను గుమాస్తాగారు ఊరకుండక, తన ఫోను తీసి ఆ నంబరునకు పిలిచిరి. అవతల పలికినది ఆ బాలుడే. ఏడవ తరగతిలో సీటు వచ్చినదని, సోమవారమునాటికి చాప తెచ్చుకొమ్మని గుమాస్తాగారు చెప్పుచుండగా మేము ప్రక్కనే నిలుచుండి వినుచుంటిమి.