భయం నేర్పిన బుద్ధి

"మొక్కై వంగనిది మానై వంగునా" అనే సామెతను మన పెద్దలు బెత్తానికి సమర్థనగా వాడుతూ వచ్చారు. మొక్క వంగుతుందనటంలో తప్పు లేదు. దాన్ని వంచేదేమిటి, వంగినప్పుడు దాని లోపల యేమవుతుంది అన్నదే ప్రశ్న.

నేను నస్పూర్‌లో బొగ్గుబాయి కార్మికుని యింట పెరిగాను. నాయిన రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునేవాడు. రెండు గదుల క్వార్టరు. గిన్నె జారి చప్పుడైతే అమ్మ ముఖం పాలిపోయేది. వెంటనే నా వీపు పగిలేది. నేలకింద పనిచేసే మనిషికి నిద్ర చాలకపోతే మరునాడు ప్రాణానికే ముప్పు గనుక యిద్దరిలో యెవరినీ నేను దోషులనలేను. వాడకట్టు మాత్రం "యెంత బుద్ధిమంతుడు, నోట్లో నాలుకే లేదు" అని నన్ను మెచ్చుకునేది. ఆ బుద్ధికి అసలు పేరు భయం.

ప్రమాదం యెదురైనప్పుడు శరీరంలో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. ప్రమాదం తొలగితే తగ్గుతుంది. ఓదార్చే పెద్దలు లేక భయం నెలల తరబడి సాగితే, పెరుగుతున్న మెదడు ఆ స్థితికే అలవాటు పడుతుంది. భయాన్ని పసిగట్టే అమిగ్డలా చురుకెక్కుతుంది. జ్ఞాపకానికి ఆధారమైన హిప్పోకాంపస్, ఆగి ఆలోచించటానికి తోడ్పడే ముందరి మెదడు దెబ్బతినవచ్చు. అలాంటి పిల్లవాడు పెద్దయ్యాక చిన్నమాటకే ముడుచుకుపోతాడు, లేదా మీదపడతాడు. మనం ఒకణ్ణి మొద్దు అంటాము, రెండోవాణ్ణి పొగరుబోతు అంటాము.

నేను గొంతు కాస్త పెంచితే చాలు, తల దించుకునే విద్యార్థులు నా తరగతిలో వున్నారు. అదే ప్రశ్న వరండాలో నెమ్మదిగా అడిగితే జవాబు చెబుతారు. వాళ్లకు కొరవడింది తెలివి కాదు.

యంగ్ లైవ్స్ అనే పరిశోధన 2002 నుంచి కరీంనగర్‌తో సహా మన తెలుగు జిల్లాలలో సుమారు 3,000 మంది పిల్లల జీవితాలను పరిశీలిస్తూ వచ్చింది. వారిలో యెనిమిదేళ్ల వారిని 2009లో అడిగితే, పదిమందిలో తొమ్మిదిమందికి పైగా, గడచిన వారంలో ఉపాధ్యాయుడు పిల్లల్ని కొట్టటం చూశామన్నారు. శారీరక శిక్షను నిషేధించిన విద్యాహక్కు చట్టం వచ్చింది కూడా ఆ 2009లోనే!

చలం "బిడ్డల శిక్షణ"లో పిల్లల్ని భయపెట్టి పెంచటాన్ని యేనాడో ఖండించాడు. అయినా మన అభ్యుదయ సాహిత్యం కార్మికుని వెంట బాయిలోకి దిగినంతగా, అతడు నిద్రపోయే వేళ వూపిరి బిగబట్టిన పసివాని దగ్గర కూర్చోలేదు. దోపిడీ లెక్కల్లో ఆ పసివాని మెదడు కూడా చేరాలి.

అయితే యిదంతా తలరాత అనుకుంటే పాత కర్మ సిద్ధాంతాన్నే కొత్త పేరుతో తెచ్చుకున్నట్లవుతుంది. రుమేనియాలో 2000లో మొదలైన ఒక పరిశోధనలో, శరణాలయాలలోని 136 మంది పసివారిలో సగం మందిని పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. శరణాలయాల్లో మిగిలిన వారికంటే వీరి తెలివి మెరుగుగా వికసించింది; రెండేళ్లలోపు వెళ్లిన వారికి మరీ యెక్కువ మేలు జరిగింది. పరిస్థితి మారితే మెదడూ మారుతుంది. ఐతే ఆలస్యానికి ఖరీదు వుంది.

కనుక తల్లులకు నీతులు చెప్పి వూరుకుంటే చాలదు. పగటి నిద్రకు వేరే గది వున్న యిల్లు, పసిపిల్లలను ఆదరంగా చూసే కేంద్రం, బెత్తం లేని బడి కావాలని కార్మిక సంఘాలూ ఉపాధ్యాయ సంఘాలూ కలిసి అడగాలి. యిందులో మూడోదానికి మనం యే ప్రభుత్వ ఉత్తర్వు కోసమూ యెదురుచూడనక్కరలేదు.