లెగు అంటే చదువు

వార్సా స్టేషన్లో టికెట్ కిటికీ దగ్గర వంగి "బియాలిస్టాక్" అన్నాను. లోపలున్న అమ్మాయి నా మొహంలోకి కాసేపు చూసి, "బ్యవీస్తోక్?" అంది. ఔనన్నాను. టికెట్టు చేతికొచ్చింది, పరువు మాత్రం కిటికీ లోపలే ఉండిపోయింది. ఒక్క మాటలో మూడు తప్పులు. పోలిష్ వాళ్ళు అడ్డగీత ఉన్న 'ల'ను 'వ'లా పలుకుతారు, నేను 'ల' అనేశాను. 'త' ఉండాల్సిన చోట ఇంగ్లీషు చదువు అలవాటు కొద్దీ 'ట' అన్నాను. ఊనిక చివరినుంచి రెండో అచ్చు మీద పడాలి, నేను ఎక్కడా వెయ్యలేదు. తెలుగువాడికి ఊనికతో పనేముంది?

మొదటిది మాఫీ చెయ్యొచ్చు. తక్కిన రెండూ నేను చెయ్యకూడనివి. ఎందుకంటే నేను బయల్దేరిందే ఒక భాషకి మూలపురుషుడు పుట్టిన ఊరు చూద్దామని. ఆ భాషలో 'ట' లేదు. ఊనిక ఎప్పుడూ చివరినుంచి రెండో అచ్చు మీదే. ఎనిమిది నెలలు మా పెరటి అరుగు మీద కూర్చుని వల్లించిన సూత్రాలే ఇవి. ఆ భాష ఎస్పెరాంతో.

ముప్పై ఏళ్ళు గోదావరి జిల్లాలో జూనియర్ కాలేజీ పిల్లలకి తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా అబ్బాయికి వార్సాలో ఉద్యోగం. "అందరూ క్రాకోవ్ చూస్తారు నాన్నా, నువ్వేంటి ఆ ఊరికి?" అన్నాడు. కల్పిత భాష అంటే వాడికి బాహుబలిలో కాలకేయుల కిలికి గుర్తొస్తుంది. మదన్ కార్కీ కట్టిన ఆ కిలికి మనల్ని భయపెట్టడానికి పుట్టింది. ఎస్పెరాంతో పుట్టింది భయం పోగొట్టడానికి. ఆ సంగతి వాడికి చెప్పాను, విని ఊరుకున్నాడు.

రైలు కదిలాక కిటికీ పక్కన పైన్ చెట్లు, బర్చ్ చెట్లు, మళ్ళీ పైన్ చెట్లు. ఈ దారి 1862లో వార్సానీ సెయింట్ పీటర్స్‌బర్గ్‌నీ కలిపిన రైలు దారే. లుద్విక్ జామెన్‌హోఫ్ 1859 డిసెంబరు 15న బ్యవీస్తోక్‌లో పుట్టాడు. పద్నాలుగో ఏట కుటుంబం వార్సాకి మారింది. కంటి వైద్యుడయ్యాడు. 1887 జులై 26న వార్సాలో నలభై పేజీల చిన్న పుస్తకం రష్యన్‌లో అచ్చు వేయించాడు. అందులో పదహారు సూత్రాలు, తొమ్మిది వందల పైచిలుకు ధాతువులు. ఖర్చు మామగారిచ్చిన కట్నంలోంచి వచ్చింది. ఆయనకి కౌనస్‌లో సబ్బుల ఫ్యాక్టరీ ఉండేది. కట్నం డబ్బుతో వ్యాకరణం అచ్చు వేయించిన అల్లుడు మన వైపు ఒక్కడైనా ఉన్నాడేమో ఎవరైనా చెబితే సంతోషిస్తాను.

పుస్తకం మీద తన పేరు వేసుకోలేదు, 'దొక్తోరో ఎస్పెరాంతో' అని వేసుకున్నాడు. 'ఎస్పెర్' అంటే ఆశ, 'అంత్' అంటే ఆ పని చేస్తున్న, చివరి 'ఓ' నామవాచకపు గుర్తు. మొత్తం కలిపితే ఆశిస్తున్నవాడు. రాను రాను ఆ మారుపేరే భాష పేరైపోయింది. అంటే ఈ భాష పేరే ఒక క్రియారూపం. అక్కడే నాకు దీనిమీద మనసు పడింది.

ధ్వనుల సంగతి. ఇరవై ఎనిమిది అక్షరాలు, వాటిలో అచ్చులు అయిదే. హ్రస్వ దీర్ఘ భేదం లేదు. కల, కాల వేరు వేరని పిల్లలకి చెప్పి చెప్పి అరిగిపోయిన నాకు ఇది మొదట్లో ఇల్లు కప్పు లేకుండా కట్టినట్టు తోచింది. ఒత్తులు లేవు, ట డ ణ ళలు లేవు. ఒక అక్షరానికి ఒకటే ధ్వని, రాసిందే చదవడం. ఇది మనకి కొత్త కాదు. ఇంగ్లీషు స్పెల్లింగులతో చచ్చీ చెడీ బతికిన తెలుగువాడికి అదొక పుట్టింటి సుఖం.

అన్నిటికంటే ఆశ్చర్యం 'చ' దగ్గర. ఈ భాషలో రెండు 'చ'లు. ఒకటి చెట్టులో చ, రెండోది చాపలో చ. యూరప్ వాళ్ళు కొందరు ఈ రెండోదాన్ని పలకడానికి నాలుకని మెలిపెడతారు. మనకేం కష్టం? పసిపిల్లాడు కూడా చలిలో చకారాన్నీ చీమలో చకారాన్నీ కలిపెయ్యడు. 'చేలో' అంటే కణం. అదే మాటని చాప చకారంతో పలికితే లక్ష్యం. తెలుగులో దంత్య చకారం మీద చిన్న గుర్తు వేసి ౘ అని రాసేవారు, ఇప్పుడు మానేశాం. జామెన్‌హోఫ్ తాలవ్యం మీద టోపీ పెట్టాడు, దంత్యాన్ని ఉత్త తలతో వదిలేశాడు.

కానీ 'నాకు తెలుసు' అనాలంటే 'మి స్త్సీయస్' అనాలి. స, వెంటనే చాప చకారం, మధ్యలో అచ్చు లేదు. స్కూలునే ఇస్కూలు చేసుకున్న జాతి మనది. ఎనిమిది నెలల తర్వాత కూడా నా నోట అది 'ఇస్త్సీయస్' అనే వస్తుంది. నాకు తెలుసు అనే మాటే తిన్నగా చెప్పలేనివాణ్ణి.

బ్యవీస్తోక్‌లో నాకు బస ఇచ్చినావిడ రిటైరైన లెక్కల టీచరు, డెబ్భై దాటింది. ఎస్పెరాంతో వచ్చిన బాటసారులకి ఇంట్లో చోటిచ్చే 'పాస్పోర్తా సేర్వో' అనే ఏర్పాటు ఉంది. దాని ద్వారా దొరికిన ఇల్లు. అద్దె లేదు, షరతు ఒక్కటే, ఇంట్లో ఎస్పెరాంతోనే మాట్లాడాలి.

గడపలోనే చిక్కొచ్చింది. ఈ భాషలో నువ్వు, మీరు తేడా లేదు, అందరికీ 'వి' ఒక్కటే. క్రియలో కూడా గౌరవం లేదు. నాకంటే పదేళ్ళు పెద్దావిడని ఏమని పిలిచేది? పైగా ఆజ్ఞార్థకం అంతా ఉకారాంతం. 'వేను' అంటే రా, 'సీదు' అంటే కూర్చో, 'మాన్‌జు' అంటే తిను. తిను, చదువు, ఆడు అని మనమూ ఉకారంతోనే అంటాం, అదీ చిన్నవాళ్ళని. అందుకని ఆవిడ 'మాన్‌జు' అంటే మా అమ్మ తినమన్నట్టే ఉండేది. నేను తిరిగి 'మాన్‌జు' అనాలంటే నోరు వచ్చేది కాదు. చివరికి 'బోన్‌వోలు', అంటే దయచేసి, అని ముందు తగిలించుకుని బతికాను.

మొదటి సాయంత్రం ఆవిడ అల్మారాలోంచి ఒక పాత పుస్తకం తీసి నా చేతిలో పెట్టి "లేగు!" అంది. నేను చటుక్కున లేచి నిలబడ్డాను. మా గోదావరి వైపు లెగు అంటే లేవమని. ఎస్పెరాంతోలో చదవమని. ఆవిడకి విషయం చెప్పాక ఎంతసేపు నవ్విందంటే, ఆ తర్వాత నాకు పుస్తకం ఇచ్చినప్పుడల్లా "లేగు, సెద్ సీదు" అనేది. చదువు, కానీ కూర్చో అని.

క్రియలు చూడ్డానికి చాలా తేలిక. వర్తమానానికి 'అస్', భూతానికి 'ఇస్', భవిష్యత్తుకి 'ఓస్', అలా అయితే అనడానికి 'ఉస్'. వేనస్, వేనిస్, వేనోస్, వేనుస్. నేనైనా, వాడైనా, అదైనా, వాళ్ళైనా అదే రూపం, మినహాయింపు ఒక్కటీ లేదు. వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది అని మన క్రియ తోకలోనే కర్త కూర్చుంటాడు కాబట్టి సర్వనామం లేకపోయినా నడుస్తుంది. ఇక్కడ నడవదు. నేను అలవాటుగా 'వేనిస్' అని ఊరుకుంటే ఆవిడ ప్రతిసారీ "కీయు?" అనేది. ఎవరు? అని.

కాలం దగ్గర నా తెలుగు నన్ను ముంచింది. సంగ్రహాలయానికి ఎప్పుడు వస్తావని అడిగితే 'రేపు వేనస్' అన్నాను. మనకి రోజూ వస్తాను, రేపు వస్తాను రెండిటికీ ఒకటే రూపం, దానికి తద్ధర్మం అనీ భవిష్యత్తు అనీ పండితులు పేర్లు పెట్టుకున్నారంతే. ఆవిడ బోర్డు మీద లెక్క తప్పు చేసిన కుర్రాణ్ణి దిద్దినట్టు "వేనోస్" అని దిద్దింది.

కానీ అంతకంటే పెద్ద తప్పు తెలుగు వల్ల రాలేదు, తెలుగుని పక్కన పెట్టడం వల్ల వచ్చింది. పొద్దున్నే టీ పెట్టబోతూ గొప్పగా "మి బోలస్ అక్వోన్" అన్నాను. ఆవిడ కంగారుగా నా నుదురు పట్టుకుని చూసింది. 'బోలి' అంటే మరుగు, అకర్మకం. నేను నీళ్ళని మరుగుతున్నాను అన్నానన్నమాట. 'బోలీగస్' అనాలి, మరిగిస్తున్నాను. 'ఇగ్' అనేది అచ్చంగా మన ప్రేరణార్థకపు 'ఇంచు'. ఇంట్లో కలలో కూడా నేను నీళ్ళు మరుగుతాను అని అనని మనిషిని, ఇక్కడెందుకన్నాను? ఇంగ్లీషులో రెండిటికీ ఒకటే క్రియ. మనసు ఆ దారినే పోయింది. కర్మ విభక్తిలో చివరి 'న్' కూడా చూడండి, 'అక్వో' నీళ్ళు, 'అక్వోన్' నీళ్ళను. మధ్యవర్తిని తప్పిస్తే ఈ భాష మన వీధి చివర ఉంది.

అలాగని అంతా మనదే అనుకోనక్కర్లేదు. ధాతువులు దాదాపు అన్నీ యూరప్‌వే, లాటిన్ సంతతివి ఎక్కువ, తక్కినవి జర్మన్, స్లావ్ వైపువి. ప్రపంచానికంతటికీ సమానంగా చెందిన భాష అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. స్పానిష్ పిల్ల వారంలో నేర్చే మాటలకి నాకు నెలలు పట్టాయి. యంత్రం మన తరహాది, ఇనుము మాత్రం వాళ్ళది.

ఊళ్ళో కోష్చుష్కో పేరిట ఉన్న పెద్ద కూడలి నుంచి నడిచి, జామెన్‌హోఫ్ పుట్టిన వీధికి వెళ్ళాం. అప్పట్లో దాన్ని పచ్చ వీధి అనేవారు, ఇప్పుడు ఆయన పేరే పెట్టారు. ఇల్లు లేదు. 1897 జనగణనలో ఈ ఊరి జనాభా 66 వేలు, అందులో 42 వేల మంది యూదులు. రష్యన్లు, పోల్‌లు, జర్మన్లు, యూదులు ఎవరి భాష వాళ్ళది, ఎవరి పేట వాళ్ళది, ఒకరంటే ఒకరికి పడదు. ఆ గొడవలు చూసి చూసి చిన్నప్పుడే ఈ ఆలోచన వచ్చిందని ఆయనే ఒక ఉత్తరంలో రాసుకున్నాడు.

అక్కడ నిలబడి "ఆయన ఇక్కడ పుట్టాడు" అని ఎస్పెరాంతోలో చెప్పబోయాను. ఆవిడ చెయ్యెత్తి "జాగ్రత్త, ఈ వాక్యం మీదే యుద్ధం జరిగింది" అంది. నిజమే. క్రియాజన్య విశేషణాలు ఈ భాషలో ఆరు. చదువుతున్న, చదివిన, చదవబోయే అని మనకున్నట్టే 'అంత్, ఇంత్, ఓంత్'. వాటిలో నకారం తీసేస్తే కర్మణి, 'అత్, ఇత్, ఓత్'. కను అనే అర్థంలో 'నస్కి' ధాతువు. ఫలానా ఏట పుట్టాడు అనడానికి 'నస్కాత' అనాలని ఒక వర్గం, ఎందుకంటే ఆ క్షణాన కనడం జరుగుతోంది. 'నస్కీత' అనాలని ఇంకో వర్గం, ఎందుకంటే కనడం పూర్తయింది. ఏళ్ళ తరబడి వ్యాసాలు, ప్రతివ్యాసాలు, అలకలు. కొట్లాటలు మాన్పించడానికి పుట్టిన భాషలో, దాన్ని పుట్టించినవాడి పుట్టుక మాట మీద కొట్లాట! చివరికి 1967లో వాళ్ళ అకాడెమీ 'ఇత్' పక్షాన తీర్పిచ్చింది.

మన దగ్గరికి వచ్చి అడిగి ఉంటే ఒక్క పూటలో తేల్చేవాళ్ళం. కన్నబిడ్డ అంటాం గానీ కంటున్న బిడ్డ అనం. ఆ మాట ఆవిడకి చెప్పాను. ఇంకోటి కూడా చెప్పాను. కన్నతల్లి, కన్నబిడ్డ, రెండు చోట్లా మాది ఒకటే 'కన్న'. ఎవరు కన్నారో ఎవర్ని కన్నారో పక్కనున్న నామవాచకం చూసుకుంటుంది. ఎస్పెరాంతోలో తల్లి 'నస్కీంత', బిడ్డ 'నస్కీత'. లెక్కల టీచరు కదా, వీధి మధ్యలో ఆగి ఆలోచించింది. "మీది ప్రమాదకరమైన భాష" అంది.

ఆ రాత్రి బంగాళాదుంపల బాబ్కా తింటూ ఆయన పిల్లల గురించి మాట్లాడుకున్నాం. ఆయన 1917లో వార్సాలోనే పోయాడు. కొడుకు ఆదమ్ కూడా కంటి వైద్యుడే. 1940 జనవరిలో పాల్మిరి అడవిలో నాజీలు కాల్చేశారు. పెద్దకూతురు జోఫియా డాక్టరు. చిన్నకూతురు లిదియా దేశాలు తిరిగి ఎస్పెరాంతో నేర్పింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ 1942లో త్రెబ్లింకా మృత్యుశిబిరంలో... నేను వాక్యం పూర్తిచేస్తూ 'మోర్తిస్' అన్నాను, చనిపోయారు అని.

ఆవిడ చెంచా కింద పెట్టింది. "నె మోర్తిస్. మోర్తిగీతయ్."

మొన్న నీళ్ళ దగ్గర నేర్పిన అదే 'ఇగ్'. చనిపోలేదు, చంపారు. చచ్చు, చంపు అని మనకీ రెండు క్రియలున్నాయి. నేను తెలుగు మాస్టార్ని. అయినా తప్పు క్రియ వాడాను.

మర్నాడు మధ్యాహ్నం రైలెక్కాను. వార్సా దారిలో బుగ్ నది దాటకముందు మవ్కిన్య అనే చిన్న స్టేషను వస్తుంది. వెళ్ళేటప్పుడు పేరు చదవలేదు. త్రెబ్లింకాకి వెళ్ళే శాఖా మార్గం చీలింది అక్కడే. రైలు ఒక నిమిషం ఆగింది, సైకిలుతో ఒక కుర్రాడు దిగాడు, తలుపులు మూసుకున్నాయి.