పాపికొండలకు లాంచీ ప్రయాణము

2025 జనవరి చివరి వారములో మా సంఘము నుండి 23 మందిమి గోదావరి మీద పాపికొండల వరకు లాంచీలో వెళ్లి వచ్చాము. అప్పటి నుండి చుట్టుపక్కల సంఘములవారు కనిపించినప్పుడల్లా అడుగుతున్నారు. భయము లేదా అయ్యగారూ? ముసలివారు ఎక్కగలరా? చంటిపిల్లలను తీసుకొని పోవచ్చునా? ఒక్కొక్కరికి విడిగా చెప్పుటకంటె ఒకసారి వ్రాస్తే మంచిదని మా ఇంటివారు అన్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

త్ర్యంబకము దగ్గర పుట్టి 1465 కిలోమీటర్లు ప్రవహించే గోదావరి రాజమండ్రి దగ్గర సముద్రమంత వెడల్పుగా ఉంటుంది. దానినే చూసి పెరిగినవారికి, అదే నది రెండు కొండల నడుమ సందులో దూరి వస్తుందంటే నమ్మకము కలుగదు. స్త్రీ తలలో తీసిన పాపిడివలె కొండల మధ్య నది కనబడుతుంది గనుక పాపిడి కొండలన్నారనీ, అదే పాపికొండలు అయిందనీ ఆ ప్రాంతమువారు చెబుతారు. ఇప్పుడు మనము విహారమునకు వెళ్తున్నాము గాని, వెనుకటి రోజులలో అది మామూలు దారి. రాజమండ్రిలో లాంచీ ఎక్కి భద్రాచలము వెళ్లేవారు. 1973లో బాపు తీసిన ‘అందాల రాముడు’ సినిమా కథ అంతా ఆ లాంచీ మీదనే నడుస్తుంది. (పాస్టరుగారికి సినిమాల సంగతి ఎలా తెలుసునని అడుగకండి. నేనును ఒకప్పుడు యౌవనస్థుడనే.) పందొమ్మిదవ శతాబ్దములో దుమ్ముగూడెములో నది పనులు చేయించిన ఇంజనీరు హెయిగ్ దొర, అక్కడి కోయవారి మధ్య సువార్త పనికి కూడ పునాది వేసినాడు. దానికి కూడ ఈ నదే దారి.

ఇక మా ప్రయాణమునకు అసలు కారణము చెప్పాలి. మా సంఘములో ఒక మామ్మగారు ఉన్నారు. వయస్సు 80కి దగ్గర. ఆమె పుట్టిల్లు దేవీపట్నము పక్కన గోదావరి గట్టు మీది ఒక పల్లె. పెండ్లి అయి మా మెట్ట ఊరికి వచ్చినా, వేసవి వచ్చిందంటే పిల్లలను వెంటబెట్టుకొని పుట్టింటికి వెళ్లేవారు. పోలవరము ప్రాజెక్టులో ఆ పల్లెలు ముంపు గ్రామములయ్యాయి. 2021 జూన్‌లో గోదావరి సహజమైన దారిని కట్టి, నీటిని స్పిల్‌వే వైపు మళ్లించారు. తరువాతి సంవత్సరము జూలైలో భద్రాచలము దగ్గర నది 71.3 అడుగులకు పెరిగింది. 1986 తరువాత అంతటి వరద అదే. మామ్మగారి తమ్ముని కుటుంబము అప్పటికే పునరావాస కాలనీకి వెళ్లిపోయింది. వరుసగా నాలుగు గోడలు, పైన స్లాబు. మంచి ఇల్లే గాని కిటికీలోనుండి నది కనబడదని ఆ తమ్ముడు ఆమెతో ఫోనులో అన్నాడట. మామ్మగారి తల్లి సమాధి మాత్రము ఆ గట్టు మీద చింతచెట్టు క్రిందనే ఉండిపోయింది.

“ఒక్కసారి ఆ రేవు చూపించండి అయ్యగారండీ, దిగకపోయినా ఫర్వాలేదు” అని మామ్మగారు రెండు సంవత్సరములు అడిగారు.

అల్లుడు ససేమిరా అన్నాడు. అతనిని తప్పుపట్టలేము. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగినది ఎవరు మరచిపోగలరు? లాంచీలో ఎక్కినవారు 77 మంది. బ్రతికి బయటపడినవారు 26 మంది. వారిని కూడ ఆ తీరపు గిరిజనులే పడవలు వేసుకొని వచ్చి కాపాడారు. మునిగిన లాంచీని నెల దాటిన తరువాత అక్టోబరు 22న గాని పైకి తీయలేకపోయారు. అంతకు ముందు సంవత్సరము మే 15న మంటూరు దగ్గర ఈదురుగాలికి ఇంకొక లాంచీ మునిగింది. “అయ్యగారూ, మీకు ఏమైనా అయితే సంఘము ఉంది. మా అత్తయ్యకు ఏమైనా అయితే నేను మా ఆవిడకు ఏమి చెప్పాలి?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అయితే రెండు ప్రమాదములూ ఎందుకు జరిగినవో విచారించి చూద్దామన్నాను.

విచారిస్తే తెలిసినదేమిటంటే, కచ్చులూరు ప్రమాదము రోజున గోదావరి వరదలో ఉన్నది. అక్కడ నది మలుపు తిరిగి లోతైన సుడులు పడే చోటు. అంత ప్రవాహములో లాంచీ అటు వెళ్లనే కూడదు. భోజన సమయమని కొందరు లైఫ్ జాకెట్లు తీసి ప్రక్కన పెట్టారని కూడ అప్పటి పత్రికలలో చదివాము. మంటూరు దగ్గరనైతే వాన జల్లు పడుతున్నదని తలుపులు, కిటికీలు మూసుకొనుటవలన లోపల కూర్చున్నవారు బయటకు రాలేకపోయారు. ఈ రెండు సంగతులనుబట్టి మేము కొన్ని నియమములు పెట్టుకొన్నాము. వరద కాలములో వెళ్లము. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు నీరు నిలకడగా ఉంటుంది గనుక అప్పుడే వెళ్తాము. ధవళేశ్వరము దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13కు రెండవది, 17కు మూడవది వేస్తారని వరదల కాలములో రేడియోలో వింటూ ఉంటాము గదా, లాంచీ మీద వెళ్లేవారు మొదటి హెచ్చరిక కొరకు ఎదురుచూడనక్కరలేదు. నీరు ఎర్రబడిందంటేనే ఇంటి దగ్గర ఉండిపోవాలి. లోపలి ఏసీ గదిలో కూర్చోము, తేలికగా బయటకు రాగలిగిన చోట కూర్చుంటాము. భోజనమప్పుడు కూడ జాకెట్టు తీయము. ఈ చివరి నియమము దగ్గరే అల్లుడు కొంచెము మెత్తబడ్డాడు.

టికెట్ల విషయములో మాకు ఒక చేదు అనుభవము కలిగింది. పట్టణములో ఒక ఏజెంటు దగ్గర అడ్వాన్సు కట్టాము. పది సంవత్సరములలోపు పిల్లలకు సగము ధర అని నోటితో చెప్పాడు. తీరా బయలుదేరే ముందు రోజు, అయిదు దాటితే పూర్తి టికెట్టే అన్నాడు. మా వారిలో ఆరుగురు పిల్లలు. వాదించి లాభము లేకపోయింది, కాగితము మీద ఏమీ లేదు మరి. కాబట్టి మీరు డబ్బు కట్టే ముందే ఈ సంగతులు వ్రాయించుకోండి: పిల్లల ధర ఎంత, రాజమండ్రి నుండి రేవు వరకు బస్సు అందులోనే చేరిందా, టిఫిను భోజనము ఉన్నాయా, వరదవలన గాని గాలివలన గాని లాంచీ ఆపివేస్తే డబ్బు తిరిగి ఇస్తారా. ఆఖరు ప్రశ్న అడిగినప్పుడు ఏజెంటు ముఖము చూడండి, చాలా సంగతులు అర్థమవుతాయి.

తెల్లవారుజామున ప్రార్థన చేసుకొని బయలుదేరాము. పూర్వము రాజమండ్రిలోనో, పట్టిసీమలోనో లాంచీ ఎక్కేవారు. ఇప్పుడు ప్రాజెక్టు అడ్డముగా ఉన్నందున దాని ఎగువన గండిపోచమ్మ గుడి దగ్గర ఎక్కాలి. రాజమండ్రి నుండి సుమారు 40 కిలోమీటర్లు. అక్కడ కంట్రోల్ రూములో పేర్లు వ్రాసుకొని, ఆధార్ కార్డులు చూసి, తలలు లెక్కించి పంపుతారు. మా సంఘ పెద్ద ఒకాయన కార్డు ఇంటి దగ్గర మరచి వచ్చి అరగంట అందరినీ నిలబెట్టాడు. ఆయన పేరు వ్రాయను గాని చదివితే ఆయనకు తెలుస్తుంది.

ముసలివారికి కష్టము లాంచీ మీద కాదు, లాంచీ ఎక్కే చోట. రేవులో మెట్లు దిగి, ఒడ్డు నుండి లాంచీకి వేసిన బల్ల మీద నడిచి వెళ్లాలి. నీరు తగ్గితే ఇంకా బురదలో దిగాలి. మోకాళ్ల నొప్పులు ఉన్నవారి వెంట ఇద్దరు బలమైన కుఱ్ఱవాళ్లు ఉండాలి. మామ్మగారిని మా యౌవనస్థులు కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకొని పోయారు. ఆమె సిగ్గుపడి, “పెండ్లినాడు కూడ ఇలా మోయలేదురా నన్ను” అన్నారు.

లైఫ్ జాకెట్టు దగ్గర పేచీ వచ్చింది. చీర మీద ఆ నారింజరంగు సంచి ఏమిటని మామ్మగారు వేసుకొనలేదు. నది పక్కన పుట్టాను, ఈత వచ్చునన్నారు. లాంచీలో పని చేసే కుఱ్ఱవాడు ఒకడు ఆమె ముందు కూర్చొని, “మామ్మా, నువ్వు వేసుకోకపోతే మా లాంచీ కదలనివ్వరు, నా జీతం పోతాది” అన్నాడు. అప్పుడు వేసుకొన్నారు. ఇక్కడ తలిదండ్రులకు ఒక మాట. పెద్దల జాకెట్టు పిల్లలకు వేస్తే నీళ్లలో అది పైకి జారి, తలమీదుగా ఊడి వస్తుంది. చిన్న సైజు అడగండి. మాకు మొదట లేవన్నారు. మేము దిగిపోతామని లేచి నిలబడగానే ఎక్కడనుండో నాలుగు వచ్చాయి. పట్టీలన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగి చూడండి. గడ్డము దాటి రాకూడదు.

టిఫిను ఇడ్లీ, ఉప్మా. మధ్యాహ్నము శాకాహార భోజనము, లోటు లేదు. మరుగుదొడ్లు ఉన్నాయి గాని తక్కువ, వరుసలో నిలబడాలి. చక్కెర వ్యాధి ఉన్నవారు మాత్రలు, తినుటకు ఏదైనా దగ్గర పెట్టుకోండి, ఎందుకనగా కొండలలోనికి వెళ్లిన తరువాత ఫోను పనిచేయదు, దుకాణము లేదు. జనవరి గాలికి చెవులకు మఫ్లరు ఉండాలి. పై అంతస్తులో మైకు పెట్టి సినిమా పాటలకు డ్యాన్సులు చేయిస్తారు. అంత నిశ్శబ్దమైన చోటికి వచ్చి అంత గోల ఎందుకో నాకు బోధపడలేదు. మా పిల్లలు మాత్రము ఎంతో సంతోషించారు.

దేవీపట్నము వైపు వచ్చేటప్పటికి మామ్మగారు లేచి కమ్మీ పట్టుకొని నిలబడ్డారు. తీరము వెంబడి కప్పులు లేని గోడలు, వాటి మీద వరద విడిచిన ఒండ్రు చార, ఎండిన చెట్లు. ఒక ఊరికి ఇంకొక ఊరికి తేడా తెలియలేదు. “ఇది కాదు, ఇది కాదు” అంటూ ఆమె కొండలను చూస్తున్నారు. ఇళ్లు మారినా కొండ మారదు గదా. ఒక గుట్ట కనబడగానే, “ఎద్దు మూపురం! అదే!” అన్నారు. నేను సరంగు దగ్గరకు వెళ్లి సంగతి చెప్పాను. ఆపుటకు అనుమతి లేదండి అన్నాడు. అయినా ఇంజను తగ్గించి, ఒడ్డుకు వీలైనంత దగ్గరగా, నెమ్మదిగా పోనిచ్చాడు. మైకు వాడికి కూడ ఏదో సైగ చేశాడు, పాట ఆగింది. రెండు మూడు నిమిషములు. మామ్మగారు ఏడ్వలేదు. రేవు ఎక్కడ, బట్టలు ఉతికే బండ ఎక్కడ, వాళ్ల నాన్న పడవ కట్టే గుంజ ఎక్కడ అని నీళ్లను చూపిస్తూ మనుమరాలికి చెప్పారు. ఆ పిల్లకు నీళ్లు తప్ప ఏమీ కనబడలేదు. అయినా తల ఊపుతూ వింటూ ఉంది.

ప్రాజెక్టు వద్దని నేను వ్రాయుట లేదు. మా మెట్ట పొలాలకు నీళ్లు రావాలని మేమును ప్రార్థన చేసినవారమే. పూర్తి మట్టమైన 45.72 మీటర్ల వరకు నీరు నిలిపిన రోజున ఈ తీరములో ఇంకా చాలా దూరము నీటి క్రిందికి పోతుంది. ఆ నీళ్లు ఎవరి ఇంటి మీదుగా వస్తాయో ఆ రోజు నా కంటితో చూశాను, అంతే.

కచ్చులూరు దగ్గరకు వచ్చినప్పుడు ఎవరూ చెప్పకుండానే అందరూ మౌనముగా ఉన్నారు. నది ఆ రోజు అద్దమువలె ఉంది. తరువాత కొండలు దగ్గరకు వచ్చాయి. ముందు దారి మూసుకొనిపోయినట్లు కనబడుతుంది, లాంచీ మలుపు తిరగగానే ఇంకొక కొండ ప్రక్కకు జరిగినట్లు తెరచుకొంటుంది. ఎండ తగ్గి, నీళ్లు పచ్చగా, చల్లగా ఉన్నాయి. ఫోటోలలో ఇది రాదు. మా వాళ్లు వందల ఫోటోలు తీశారు, ఇంటికి వచ్చి చూస్తే అన్నీ ఒకే కొండ.

పేరంటపల్లిలో లాంచీ కొంతసేపు ఆపారు. అక్కడ గుడి, కొండ వాగు ఉన్నాయి. కొండరెడ్ల స్త్రీలు వెదురుతో బుట్టలు, పూలకుండీలు చేసి అమ్ముతున్నారు. దయచేసి వారి దగ్గర బేరము ఆడకండి. మా వారిలో ఒకామె యాభై రూపాయల బుట్టను ముప్పైకి అడిగితే మామ్మగారు కోప్పడి, తన డబ్బుతో రెండు కొన్నారు.

తిరుగు ప్రయాణములో దేవీపట్నము దాటేటప్పటికి చీకటి పడుతున్నది. మామ్మగారు ఈసారి లేవలేదు, జాకెట్టుతోనే బల్ల మీద ఒరిగి నిద్రపోయారు. బస్సు ఎక్కిన తరువాత ఫోనుకు సిగ్నలు వచ్చి, అల్లుని పిలుపులు పదకొండు కనబడ్డాయి. నేను మాట్లాడబోతే ఆమె ఫోను తీసుకొన్నారు.

“బాగానే ఉన్నాను నాయనా. చింతచెట్టు లేదు. గుట్ట ఉంది” అన్నారు.