ఇంజను మీద లేని పేర్లు

కొన్నేళ్ళ క్రితం మిషిగన్ రాష్ట్రంలోని డియర్‌బోర్న్‌కు పోయి గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ చూశాను. ఎడిసన్ ఫ్లోరిడాలో కట్టించుకున్న ఫోర్ట్ మైయర్స్ ప్రయోగశాలను హెన్రీ ఫోర్డు 1928లో అక్కడికి తరలించాడు. అందరూ దాన్ని ఎడిసన్ కోసం చూస్తారు. నేను వెళ్ళిన పని వేరు. 1932 నాటి ఫోర్డు వీ-8 ఇంజనుకు తొలి గీతలు పడింది ఆ చెక్క కట్టడంలోనే.

ఆ కథ టూకీగా చెబుతాను. 1929లో షెవ్రొలే సంస్థ నాలుగు సిలిండర్ల కారు ధరకే ఆరు సిలిండర్ల కారు అమ్మసాగింది. ఫోర్డు మోడల్ ఏ కారుకు ఉన్నవి నాలుగే. శక్తి 40 అశ్వాలు. ఎదుటివాడిది ఆరైతే మనది ఎనిమిది కావాలన్నది ఫోర్డు పంతం. నిజానికి ఎనిమిది సిలిండర్ల ఇంజను కొత్తది కాదు. కాడిలాక్ సంస్థ 1914లోనే అటువంటి కారును ప్రకటించింది. అయితే అది ధనికుల బండి. ఆ ఇంజనును సామాన్యుడికి అందుబాటులోకి తేవడమే అసలు చిక్కు. కార్ల్ షుల్ట్జ్, రే లెయిర్డ్ అనే ఇద్దరు గుట్టుగా కూర్చుని దాని నమూనా గీశారు. జ్వలన ఏర్పాటు ఎమిల్ జోర్లైన్‌ది.

కాడిలాక్‌లో సిలిండర్ల దిమ్మలు రెండింటిని విడివిడిగా పోతపోసి, కింది పెట్టెకు బోల్టులతో బిగించేవారు. ఫోర్డు మాత్రం అంతా కలిపి ఒకే పోతగా రావాలన్నాడు. అచ్చులో ఇసుక కోరు రవ్వంత జరిగితే చాలు, గోడ ఒకపక్క పలచబడి దిమ్మంతా వ్యర్థమవుతుంది. మొదట్లో అలా చాలా దిమ్మలు పోయాయి. చార్లెస్ సోరెన్సన్ అజమాయిషీలో ఆ విద్య పట్టుబడింది. 1932 మార్చి 31న కారు జనం ముందుకు వచ్చింది. ఇంజను 221 ఘనపుటంగుళాలు, శక్తి 65 అశ్వాలు. లోపమూ లేకపోలేదు. కాలిన వాయువు దిమ్మలో నుంచే బయటికి పోయేది కనుక తొందరగా వేడెక్కేది. అయినా అమెరికాలో ఫోర్డు కార్లకు ఆ వంశం 1953 దాకా నిలిచింది.

ఇదంతా నాకెందుకంటారా? మా నాన్న ఒక చిన్న ఫౌండ్రీలో మౌల్డరుగా బ్రతుకంతా గడిపారు. నీళ్ళ పంపుల పెంకులు పోసేవారు. పెంకు మీద యజమాని పేరు ఉబ్బెత్తు అక్షరాలతో వచ్చేది. ఆ అక్షరాల చుట్టూ ఇసుక దట్టించింది నాన్నే. పోత బాగుంటే ఎవరూ ఏమీ అడిగేవారు కారు. బీట కనబడితే మాత్రం "ఇది పోసిందెవరు?" అని కేక వినబడేది. ఆయన పేరు గుర్తొచ్చేది అప్పుడే.

ఆ రాత్రి నాన్నకు ఫోను చేసి ఈ కథంతా చెప్పాను. ఫోర్డు గురించి ఆయన ఒక్క ముక్కా అడగలేదు.

"అంత పెద్ద దిమ్మ ఒకే పోతా? ఎన్ని పాడయ్యాయట్రా?"

"మొదట్లో చాలానే పోయాయట, నాన్నా."

"ఆ సంగతి పుస్తకంలో రాశారా?"

"రాశారు."

కాసేపు మాట లేదు. తరువాత అన్నారు: "అయితే రాసినవాడెవడో ఫౌండ్రీ లోపలికి వెళ్ళి చూసినవాడేరా."

షుల్ట్జ్, లెయిర్డ్, జోర్లైన్ పేర్లు ఈ టపాలో రాసుకున్నది అందుకే. ఇసుక దట్టించిన వాళ్ళ పేర్లు కూడా తెలిసి ఉంటే, వాటినే ముందు రాసేవాణ్ణి.